పట్టాలెక్కిన పరువు

నగరంలో జనాన్ని చేరవేయడానికి రెండు దారులున్నాయి. రోడ్డు మధ్యలో బస్సుకు విడిగా దారి ఇవ్వడం ఒకటి. దీన్ని బీఆర్టీ అంటారు. పట్టాలు వేసి లైట్ రైలు నడపడం రెండోది. ఓ మోస్తరు రద్దీకి రెండూ సరిపోతాయి, మొదటిది బాగా చవక. ఆ చవకే దాని కొంప ముంచింది.

జర్మన్లు పద్ధతి గల మనుషులు కాబట్టి రైలు మీది మోజుకు పేరు కూడా పెట్టారు: షీనెన్‌బోనుస్, అంటే పట్టాల బోనస్. అదే మాట వాళ్ల శబ్ద నిబంధనల్లోనూ ఉండేది. రైలు చప్పుడుకు 5 డెసిబెళ్ల తగ్గింపు! కొత్త రైల్వే లైన్లకు ఆ రాయితీ 2015లో పోయింది, మోజు పోలేదు.

కెనడా రాజధాని ఒట్టావాలో 1983 నుంచి బస్సులకు సొంత దారి ఉండేది. దానిలో కొంత మేర 2019లో లైట్ రైలు తెచ్చారు. తలుపులు మొరాయించాయి. 2021లో రెండు నెలలైనా తిరక్కుండా రెండుసార్లు పట్టాలు తప్పింది. రైలు ఆగిన రోజుల్లో జనాన్ని ఇంటికి చేర్చిందేమిటో చెప్పనక్కర్లేదు.

'ఎర్రబస్సెక్కి వచ్చాడు' అనడం తెలుగులో తిట్టు. కొలంబియా రాజధాని బొగోటాలో 2000 నుంచి సొంత దారిలో నడిచే ఎర్రబస్సులే ఊరికి పేరు తెచ్చాయి. ఇప్పుడా ఊరు కూడా మెట్రో కట్టుకుంటోంది.

అసలు సంగతి ఢిల్లీలో తేలింది. 2008లో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల బస్సు దారి తెరిచారు. అది చేసిన నేరం ఒక్కటే: కారు ఆగిన చోట బస్సు ముందుకు పోయింది. ఏసీ కారులో కూర్చున్నవాడు చూస్తుండగా, పాసు మీద తిరిగే గుమాస్తా ముందుగా ఇల్లు చేరితే ఇక పరువేం మిగిలింది? వ్యవహారం హైకోర్టుకెక్కింది. 2012లో కోర్టు బస్సు పక్షానే నిలిచింది. ఓట్లడిగేవాళ్లకు అంత ధైర్యం లేదు. 2016లో దారిని పెకలించారు.

అదే ఢిల్లీ మెట్రోను నెత్తిన పెట్టుకుంది. చాలాచోట్ల అక్షరాలా నెత్తినే. స్తంభాల మీద పోయే రైలు కారుకు అడ్డురాదు. మెట్రోను మెచ్చుకోవాలంటే మెట్రో ఎక్కనక్కర్లేదు. పక్కవాడు ఎక్కితే రోడ్డు ఖాళీ అవుతుందన్న ఆశ చాలు.

విజయవాడ కథ క్లుప్తం. సత్యనారాయణపురంలో పాత రైలు పట్టాలు తీసేసి, ఆ జాగాలో బస్సుల కోసం వెడల్పాటి రోడ్డు వేశారు. బస్సుల ఏర్పాటు నిలదొక్కుకోలేదు, బీఆర్టీఎస్ రోడ్డన్న పేరు మాత్రం నిలిచింది. ఆ ఊరికి మెట్రో సంగతి పరిశీలించమని 2014 విభజన చట్టం చెప్పింది. చట్టానికి పదేళ్లు నిండాయి. బీఆర్టీఎస్ రోడ్డు మీద ఆటోలు తిరుగుతున్నాయి.