బుల్లెట్ ముందు బోర్డు దాకా పోవాలి కదా!

మా రోజుల్లో బుల్లెట్ ఎక్కడ తగులుతుందా అన్న బెంగ ఉండేది గానీ, అసలు చేరుతుందా అన్న బెంగ ఉండేది కాదు. ఇప్పటి కుర్రాళ్లు ఆ రెండో బెంగ కొనితెచ్చుకున్నారు. తెచ్చుకున్నట్టు వాళ్లకే తెలీదు, అదీ నా ఏడుపు.

అమెరికాలో వెయ్యి గజాల రైఫిల్ పోటీల సంగతి చెబుతున్నాను. ఒహాయోలో ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీ అని ఉంది, 1907 నుంచి పోటీలకు పేరుపడ్డ చోటు. అక్కడ మేం చాప మీద బోర్లా పడుకుని, జబ్బకు తోలు పట్టీ బిగించి, భూతద్దాల్లేని ఇనప సైట్లలోంచే గురిపెట్టేవాళ్లం. ఇప్పుడంతా ఎఫ్-క్లాస్. ముందు స్టాండు, వెనక ఇసక సంచి, పైన బారెడు స్కోపు. చూపు మందగించిన పెద్దవాళ్లు ఆట మానుకోకూడదని కెనడాలో ఫార్క్వార్సన్ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆయన పేరులోని మొదటి అక్షరమే దాని పేరు. ముసలాళ్ల కోసం పెట్టినదాన్ని పాతికేళ్ల వాళ్లు ఆక్రమించారు. సరే, ఆడుకోనీండి.

నా గొడవ వాళ్ల పరీక్షల మీద. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వచ్చి, వంద గజాల్లో ఐదు కాల్చి, ఐదూ ఒకే చిల్లులో పడ్డాయని ఫోన్లో ఫొటో తీసుకుంటారు. పక్కన వేగం కొలిచే రాడార్ పెట్టె. "అంకుల్, వేగంలో తేడా ఎంత తక్కువుందో చూడండి" అని నాకు చూపిస్తారు. చూశాను నాయనా. పోటీలో కాల్చాల్సింది వరసగా ఇరవై. ఎండలో, కాలిపోతున్న బ్యారెల్‌తో. పద్నాలుగోదో పదిహేనోదో దారిలోనే పొగైపోతుంది. స్పాటింగ్ స్కోపులో చూసేవాడికి గాల్లో బూడిదరంగు గీత కనిపిస్తుంది, అంతే. బోర్డు మీద చిల్లు ఉండదు. ఆ ఒక్కదానికి సున్నా, పోయేది పది పాయింట్లు. కుర్రాడేమో ఎలక్ట్రానిక్ టార్గెట్ పాడైందని అరుస్తాడు. మా రోజుల్లో బోర్డు కింద గోతిలో మనిషి ఉండేవాడు. నెత్తిమీద టప్‌మని చప్పుడు రాలేదంటే బుల్లెట్ రానట్టే. వాడితో వాదించేవాళ్లం కాదు.

ఎందుకు పగులుతుందంటే లెక్క సులువే. మా 308 రైఫిల్‌లో, బుల్లెట్‌ను తిప్పే బ్యారెల్ లోపలి మరలు పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు. సెకనుకు 2600 అడుగుల వేగమంటే నిమిషానికి 1,56,000 చుట్లు. ఇప్పటివాళ్లకు సన్నగా పొడుగ్గా ఉన్న బుల్లెట్ కావాలి, గాలికి తక్కువ కొట్టుకుపోతుందని. అది నిలకడగా తిరగాలంటే ఎనిమిది అంగుళాలకో చుట్టు పడాలి. వేగం 3000కి పెంచితే 2,70,000 చుట్లు! పైగా పొడుగు బ్యారెల్‌లో రాపిడి. బుల్లెట్ పైనున్న రాగి తొడుగు వేడెక్కి, లోపల దానికి ఆనుకున్న సీసం కరుగుతుంది. సీసానికి 327 డిగ్రీలు చాలు. బయటికొచ్చాక ఆ గిరగిరకు పల్చటి తొడుగు చీలిపోతుంది. ఈ బాధ పడలేకే బెర్గర్ లాంటి కంపెనీలు టార్గెట్ రకానికి తొడుగు మందం పెంచాయి, వేట రకానికి పల్చటిదే ఉంచాయి. పెట్టె మీద ఏ రకమో చదివే తీరిక వీళ్లకుంటేగా!

మా బుల్లెట్లు బంగారమని అనను. 168 గ్రెయిన్ల మ్యాచ్‌కింగ్ అనే బుల్లెట్ 300 మీటర్ల పోటీకి పుట్టింది. 308లోంచి వెయ్యి గజాలు పంపితే, వేగం ధ్వనివేగం దగ్గరికి పడిపోయి తూలేది. కానీ కాగితం దాకా వచ్చేది, అడ్డంగా తగిలినా సరే. తప్పెక్కడుందో చిల్లు చూస్తే తెలిసేది.

పరీక్షంటే మిట్టమధ్యాహ్నం, పోటీలో వాడే మందుతోనే, ఆపకుండా ఇరవై కాల్చి, చిల్లులు లెక్కపెట్టడం. ఇరవైకి ఇరవై ఉండాలి. గుంపు అందం తర్వాత చూసుకోవచ్చు. ఇలా చెబితే "బుల్లెట్లు ఖరీదు అంకుల్, బ్యారెల్ కూడా అరుగుతుంది" అంటారు. స్కోపుకు వేల డాలర్లు పోసినప్పుడు గుర్తురాని ఖరీదు! అరుగుదల సంగతా, అందుకేగా మళ్లీ మళ్లీ పరీక్షించాలనేది. బ్యారెల్ మొదట్లో ఉక్కు నెర్రెలిచ్చి గరుకైతే తొడుగును గీకేస్తుంది. నిరుడు నిక్షేపంగా పోయిన బుల్లెట్ ఈ ఏడు పగిలేది అందుకే. వీళ్లేమో కొత్త బ్యారెల్‌లో కాల్చిన ఆ ఐదింటి ఫొటోనే ఇంకా చూపించుకు తిరుగుతుంటారు.