మా ఇంటి వ్యూయింగ్ యాంగిల్

బెజవాడలో దసరాకి రెండు క్యూలుంటాయి. ఒకటి అమ్మవారి దర్శనానికి కొండమీదికి, రెండోది డిస్కౌంటు దర్శనానికి షోరూములోకి. 2025లో రెండూ ఒకే రోజు మొదలయ్యాయి. సెప్టెంబరు 22 నవరాత్రుల తొలిరోజు. అదే రోజు 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. పది శాతం తగ్గిందన్న మాట వీధిలో పాకేసరికి టీవీ కొనడం పౌరధర్మమైపోయింది. మా బావమరిది మాత్రం ఫోన్లో లెక్క కట్టాడు. 128కి వచ్చేది 118కి వస్తోంది కాబట్టి నిజంగా తగ్గింది 7.8 శాతమేనన్నాడు.

"ఏడో పదో, తగ్గిందా లేదా?" అంది మా ఆవిడ చెప్పులేసుకుంటూ.

బందరు రోడ్డుకి నలుగురం వెళ్ళాం. బావమరిదికి ఉద్యోగం సాఫ్ట్‌వేరు, వ్యసనం యూట్యూబు రివ్యూలు. ప్యానెల్ గురించి వాడు మాట్లాడుతుంటే పెళ్ళి సంబంధం గురించి వాకబు చేస్తున్నట్టుంటుంది. ఎవరి తయారీ, ఏ రకం, వంశంలో డెడ్ పిక్సెల్ దోషమేమైనా ఉందా అని అడుగుతాడు. మా అమ్మ వచ్చింది మాత్రం సీరియల్ కోసం. నిజం చెప్పాలంటే మా ఇంట్లో అసలైన వినియోగదారు ఆవిడే.

షోరూములో గోడ నిండా టీవీలు, అన్నింట్లోనూ ఒకటే వీడియో. పంచరంగుల విదేశీ చిలక రెక్క విప్పుతుంది, ఈక ఈకా లెక్కపెట్టుకోవచ్చు. తర్వాత తేనె చుక్క నిదానంగా జారుతుంది. తర్వాత దానిమ్మకాయ పగులుతుంది. మళ్ళీ చిలక.

"బాబూ, ఈ చిలక ఏ ఛానెల్లో వస్తుంది?" అంది అమ్మ.

"ఇది డెమో అమ్మా. ఏ ఛానెల్లోనూ రాదు."

"అయితే వచ్చేది పెట్టు. ఏదో ఒక సీరియల్."

సేల్స్ కుర్రాడి మొహంలో రంగు మారింది. కేబుల్ కనెక్షన్ లేదన్నాడు. ఉన్నా పెట్టడని నా అనుమానం. 4కె తెర మీద అడ్డంగా 3840, నిలువునా 2160, మొత్తం దాదాపు 83 లక్షల చుక్కలుంటాయి. మామూలు ఎస్‌డీ ఛానెల్ పంపే బొమ్మలో ఉండేది 720 ఇంటూ 576, నాలుగు లక్షల పైచిలుకు. భాగించి చూడండి, సరిగ్గా ఇరవయ్యో వంతు. అంటే అత్తగారి కన్నీటి చుక్క ఒక్కటొస్తే, మిగతా పంతొమ్మిది చుక్కలూ టీవీయే సొంత ఊహతో కల్పించుకుని ఏడవాలి. పెద్ద తెర కొన్నాక కేబుల్ బొమ్మ పాత టీవీ కంటే అధ్వానంగా ఉందని జనం గగ్గోలు పెట్టేది ఇందుకే. హెచ్‌డీ ప్యాక్ వేయించుకోకుండా 4కె కొనేవాళ్ళకి ఈ ముక్క షాపులో ఎవరూ చెప్పరు.

తర్వాత సైజు తగువు. 55 అంగుళాలంటే మా ఆవిడ చేతులు చాపి అడ్డం కొలత చూపించింది. కుర్రాడు మర్యాదగా సరిదిద్దాడు, ఈ మూల నుంచి ఆ మూలకి ఐమూలగా కొలుస్తారట. అడ్డంగా కొలిస్తే నాలుగడుగులే. "స్థలం అమ్మేవాళ్ళు కూడా ఇలా ఐమూలగా కొలిస్తే బాగుండు, మనకీ రెండు గజాలు పెరిగేవి" అంది అమ్మ.

రంగుల సంగతి తొందరగానే తేలింది. 8 బిట్ ప్యానెల్ అయితే 1.67 కోట్ల రంగులు, 10 బిట్ అయితే 107 కోట్లు అన్నాడు బావమరిది. వన్‌టౌన్ చీరల షాపుల్లో ఆరితేరిన మా ఆవిడ బెదరలేదు. "ఆ 107 కోట్లలో రాణీ పింకుకీ ముదురు పింకుకీ తేడా ఏదో చూపించమను" అంది. హెచ్‌డీఆర్, డాల్బీ, ఈఆర్క్, ర్యామ్ వగైరాలన్నీ కుర్రాడు ఒక్క ఊపిరిలో చదివేశాడు. మేమూ ఒక్క ఊపిరిలోనే మర్చిపోయాం.

అసలు కథ ప్యానెల్ దగ్గర మొదలైంది. ఎల్‌ఈడీ టీవీ అని మనం పిలిచేది నిజానికి వెనక ఎల్‌ఈడీ దీపాలు పెట్టిన ఎల్‌సీడీ. దాంట్లో ప్రధానంగా రెండు జాతులు. విఏ జాతికి నలుపు నల్లగా వస్తుంది, కానీ పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్ జాతికి పక్కనుంచి చూసినా రంగు నిలుస్తుంది, కానీ చీకటి గదిలో నలుపు బూడిదరంగుకి తిరుగుతుంది. ఏది ఏ జాతో డబ్బా మీద రాసి ఉండదు. ఒకే మోడల్లో ఒక సైజుకి ఒకటీ, ఇంకో సైజుకి మరొకటీ పెట్టడం కూడా మామూలే.

బావమరిది ఫోన్ కెమెరాని తెరకి ఆనించేశాడు. ఫోన్లో చిలక మాయమై ఎరుపు, ఆకుపచ్చ, నీలం కడ్డీలు వరసలు వరసలుగా తేలాయి. "కడ్డీలు కొంచెం వంగున్నాయి చూడు బావా, ఇది ఐపీఎస్సే అయ్యుంటుంది" అని గుసగుసలాడాడు. కుర్రాడు పరుగున వచ్చాడు. "సార్, గీత పడిందా?"

అప్పుడు నేను మా హాలు గుర్తు చేశాను. కిటికీ వారన దివాన్ మంచం మీద అమ్మ. వంటగది గుమ్మంలో, ఒక కన్ను పోపు మీదా ఒక కన్ను టీవీ మీదా పెట్టి మా ఆవిడ. మూలన పడక్కుర్చీలో నేను. మా ఇంట్లో టీవీకి సూటిగా ఎదురుగా ఉండేది చెప్పుల స్టాండొక్కటే. విఏ ప్యానెల్ కొంటే ఆ గాఢమైన నలుపుని ఆస్వాదించేవి మా చెప్పులు.

అక్కడే పరీక్ష పెట్టాం. అమ్మని వాషింగ్ మెషిన్ డబ్బా పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాం. మా ఆవిడ వంటగది కోణం కోసం ఏసీల వరస దాకా నడిచి వెళ్ళింది. అందరూ గొప్పదన్న టీవీని అక్కణ్ణుంచి చూసి, "చిలకకి పచ్చకామెర్లు వచ్చాయి!" అని కేకేసింది. కొనడానికొచ్చిన ఇంకో కుటుంబం కూడా లేచి ఆవిడ వెనక నిలబడింది. వాళ్ళకీ కామెర్లే కనిపించాయి. కుర్రాడి మేనేజరు దూరం నుంచి చూస్తున్నాడు.

"అయితే ఓఎల్‌ఈడీ తీసుకోండి సార్, నలుపు నలుపే, ఏ పక్కనుంచైనా రంగు రంగే" అన్నాడు మేనేజరు దగ్గరికొచ్చి. మాట నిజమే. ప్రతి చుక్కా సొంతంగా వెలుగుతుంది, అక్కర్లేనప్పుడు పూర్తిగా ఆరిపోతుంది. కానీ కదలని బొమ్మ అదే చోట రోజుల తరబడి వెలిగితే తెర మీద మచ్చ మిగిలిపోయే ప్రమాదముంది. ఆర్టింగ్స్ అనే కెనడా పరీక్షా సంస్థ 2018లో మొదలుపెట్టి ఓఎల్‌ఈడీలని రోజుకి 20 గంటలు నడిపింది. సీఎన్‌ఎన్ పెట్టిన టీవీలో ఛానెల్ ముద్ర అచ్చుపడింది. సీఎన్‌ఎన్ మన ముందు మౌనవ్రతం పట్టిన ఛానెల్. మన తెలుగు న్యూస్ ఛానెల్లో పైన ఒక పట్టీ, కింద రెండు స్క్రోలింగులు, పక్కన బంగారం ధర, మధ్యలో మిగిలిన కిటికీలో నలుగురు కొట్లాడుకుంటుంటారు. పొద్దున ఆరింటికి అది పెట్టుకుని కూర్చునే నాకు ఓఎల్‌ఈడీ ఇస్తే, ఏడాది తిరిగేసరికి టీవీ ఆపేసినా తెర మీద బ్రేకింగ్ న్యూస్ ఉంటుంది.

చివరికి 55 అంగుళాల ఐపీఎస్ రకమే తీసుకున్నాం. "నలుపు త్యాగం చేస్తున్నాం బావా" అని బావమరిది బిల్లింగ్ దాకా నసిగాడు.

ఇంటికి తెచ్చి బిగించాక సినిమా పెట్టుకుంటే కొత్త చిక్కొచ్చింది. కోట్లు పోసి తీసిన యుద్ధం పక్క వీధిలో నాటకం రిహార్సల్‌లా కనిపించింది. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములే. మధ్యలో లేని ఫ్రేముల్ని టీవీ పుట్టించి ఇరికిస్తుంది, దాన్నే మోషన్ స్మూతింగ్ అంటారు. టామ్ క్రూజ్ అంతటివాడు 2018 డిసెంబరులో వీడియో పెట్టి, దయచేసి దాన్ని ఆపుకోండని జనాన్ని బతిమాలాడు. మరుసటి ఏడాదే టీవీ కంపెనీలు సభ్యులుగా ఉన్న యూహెచ్‌డీ అలయన్స్ ఫిల్మ్‌మేకర్ మోడ్‌ని ప్రకటించింది. ఒక్క నొక్కుతో ఈ సోకులన్నీ ఆగిపోతాయి. బావమరిది అదే నొక్కాడు. తెర కాస్త పసుపుగా, కాస్త మసగ్గా, దర్శకుడు తీసినట్టుగా మారింది. మేమిద్దరం మురిసిపోయాం.

అమ్మ దివాన్ మీంచి లేచి కూర్చుంది. "ఏవిట్రా, దీపం తగ్గించేశారు? కొట్లో వాడి దగ్గర ఎంత బాగుంది!"

"అత్తయ్యగారూ, అది షోరూము మోడ్. ఇవి అసలు రంగులు."

"నాకు అసలువి వద్దు నాయనా, వాడివే పెట్టు."

రెండు రోజులు రిమోట్ యుద్ధం నడిచింది. నేను ఫిల్మ్‌మేకర్ నొక్కితే ఆవిడ వివిడ్ నొక్కేది. అక్షరాలు చదవకుండానే ఎన్నో మీటో కనిపెట్టేసింది. మూడో రోజు మా ఆవిడ వంటగది గుమ్మంలోంచి తీర్పు చెప్పింది. పొద్దున ఆరు నుంచి రాత్రి పదింటి దాకా అత్తయ్య రంగులు, పదింటి తర్వాత నా రంగులు.

"పదింటికి నాకు నిద్రొస్తుందే!"

"అందుకే ఆ టైము ఇచ్చాను" అంది.