తులం బంగారం, తట్టెడు తిప్పలు

మల్లాపూర్‌లో స్టూడియో పెట్టుకున్నవాడికి మనుషుల ఫొటోలు ఓ లెక్కలోవి కావు. పెళ్లికొడుకు బిగుసుకుపోతే పక్కన దోస్తును నిలబెట్టి నవ్వించవచ్చు. పాస్‌పోర్టు ఫొటోకు కూర్చుని ముందే కళ్లనీళ్లు పెట్టుకునేవాణ్ని, "అన్నా, ఒక్క నిమిషం దుబాయిని మరిచిపో" అని బతిమాలవచ్చు. నగకు ఏమని చెప్పాలి? కమ్మలు ఉండేది చెవులకే గానీ, వాటికి చెవులుండవు.

ఈ నగల ఫొటోల పని నా నెత్తిన పడింది వాట్సాప్ వల్ల. పొద్దున అవుసులాయన మాటీలు చేసి పెడితే సాయంత్రానికల్లా వాటి ఫొటో షార్జా చేరాలి. అక్కడ ఇంటాయన "ఊ" అంటేనే ఇక్కడ పైసలు కదులుతాయి. అందుకే నగలు గులాబిరంగు కాగితం పొట్లంలో ముందు నా బల్ల మీదికి వస్తాయి.

మొదటి తిప్పలు మెరుపుతో. పుస్తెలతాడుకు గుచ్చే గుండు ఎంత చిన్నదైనా సరే, గది మొత్తం అందులో పడుతుంది. ట్యూబులైటు, క్యాలెండరు, గుమ్మంలోంచి తొంగిచూసే పక్కింటి పిల్లాడు, వీళ్లందరి నడుమ కెమెరా పట్టుకుని నేను. ఉబ్బెత్తు అద్దం కదా, ముందుకు పొడుచుకొచ్చిందే పెద్దగా కనిపిస్తుంది. నా విషయంలో అది పొట్ట. పోలరైజర్ ఫిల్టర్ వేస్తే పోతుందని చాలామంది సలహా ఇస్తారు. నీటి మీదా గాజు మీదా మెరుపును అది తగ్గిస్తుంది గానీ, లోహం దాని మాట వినదు.

ఉన్న మందు ఒక్కటే: నగ చుట్టూ బటర్ పేపర్‌తో గుడారం కట్టి, లైట్లు బయట పెట్టి, లెన్సుకు మాత్రం చిన్న కంత వదలడం. నగ ఏ దిక్కు చూసినా తెలుపే కనపడాలి. అయితే అంతా తెలుపే అయితే బంగారం పాలిపోతుంది. అంచులు తేలడానికి మళ్లీ నల్ల అట్టముక్కలు నిలబెట్టాలి. ఇంతలో ఫ్యాన్ గాలికి గుడారం లేస్తుంది. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రాన్ని కాగితాల మీద బరువుగా వాడేవాడని చెప్పుకుంటారు. అంటే దాదాపు 37 గ్రాములు. లోకం దాన్ని నవాబు వైభవం అంటుంది. నాకు మాత్రం ఆయన కూడా ఫ్యాన్ కింద కాగితాలతో అవస్థపడ్డ మనిషిగానే కనిపిస్తాడు. నిజాం నగలతోపాటు ఆ వజ్రాన్నీ 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్లకు కొనేసింది కాబట్టి, నేను ఫ్యాన్ కట్టేసి చెమటలు కక్కుతాను.

రెండోది ఫోకస్. మాక్రో లెన్సుతో అంత దగ్గరికి వెళ్తే, స్పష్టంగా కనిపించే మందం మిల్లీమీటరు అటూ ఇటూ. బుట్టకమ్మ ముందువైపు పూస కళకళలాడుతుంటే వెనకవైపు పూస మసక. అపర్చర్‌ను ఎఫ్/22 దాకా బిగిస్తే మందం పెరుగుతుంది గానీ, అంత సన్నని కంతలో వెలుగు చెదిరి మొత్తం బొమ్మే మెత్తబడుతుంది. అందుకని ఫోకస్‌ను వెంట్రుకవాసి జరుపుతూ వరసగా తీసి, కంప్యూటర్లో ఒక్కటిగా కలపాలి. ఆ కాసేపూ కమ్మ కదలకూడదు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక మా రోడ్డు మీద చెరుకు బండ్ల జాడ లేదు గానీ, వడ్ల ట్రాక్టర్లకు కొదవ లేదు. ఒకటి రోడ్డెక్కిందంటే బల్ల వణుకుతుంది, దారానికి వేలాడే కమ్మ ఊగుతుంది, మొత్తం మొదటికి వస్తుంది.

కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పెట్టె తెచ్చారంటే ఇక ఆ రోజు ఇంట్లో అన్నానికి ఎదురుచూడొద్దని చెప్పేస్తాను. ఎలగందుల నుంచి వచ్చిన ఆ పనితనానికి 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సన్నటి వెండితీగను మెలిపెట్టి, చుట్టలు చుట్టి అతికిస్తారు. ఒక్కో చుట్ట ఒక్కో ఎత్తులో ఉంటుంది. వెనకనుంచి వెలుగు వేస్తేనే ఆ అల్లిక తేలుతుంది. వేశామా, మూలన దాక్కున్న దుమ్మూ తేలుతుంది.

దగ్గరి ఫొటోకు దాపరికం లేదు. 2023 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేసిన ఆరక్షరాల హాల్‌మార్క్ సంఖ్య మామూలు కంటికి గీతలా ఉంటుంది, నా తెర మీద బోర్డులా కనపడుతుంది. పాత గంటీల సందుల్లో ఏండ్లనాటి పసుపూ అంతే.

"అవ్వా, జర బ్రష్షుతోని రుద్దుతనే."

"రుద్దకు బిడ్డా, తరుగు పోతది. అవుసులాయనకు ఇచ్చింది చాలదా, నీకు గూడ ఇయ్యాల్నా?"

అన్నీ దాటి ఫొటో షార్జా చేరాక, "గింత పెద్ద కమ్మలా! గింత తక్కువకా?" అని అక్కడ సంబరం. సెలవు మీద వచ్చి చూసుకున్నాక, "ఫొటోల గుమ్మడికాయ, చెవుకు జొన్నగింజ" అని నా మీద విసురు. అప్పటినుంచి పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీస్తున్నాను. "బిళ్ల గూడ ఇస్తరా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు.

మొన్న ఓ వదిన, చెమటోడ్చి తీసిన కాసులపేరు ఫొటోను వేలితో పెద్దది చేసి, చిన్నది చేసి, ఫోన్ తిరగేసి చూసింది.

"ఎన్ని తులాలు?"

"పెద్దల తులమా, దుకాణపు తులమా వదినా? అది 11.66 గ్రాములు, ఇది 10. ఏదైనా గానీ, ఫొటోల బరువు కనపడది."

"మరి గంత దగ్గరికి పోయి ఏం జూసినవ్ తమ్మీ?"