నీటిపీప పద్యము – టీకా తాత్పర్యములు

ఇంగ్లండు దేశమున, కారు వెనుక తగిలించుకొని పోవు చక్రముల యిల్లు కారవాన్ అను పేర ప్రసిద్ధము. పసిపిల్లలు గల గృహస్థుడు దానిని క్రొత్తగా కొనినపుడు చదువదగిన పుస్తకములు అంగళ్ళలో పెక్కులు గలవు గాని, అవి యన్నియు బోల్టుల కొలతలతోను హెచ్చరికలతోను నిండి, రెండవ పుట దాటకమునుపే నిద్ర తెప్పించునవి. ఈ లోటు తీర్చుటకే కాబోలు, పేరు చెప్పుకొనని యాంధ్రకవి యొకడు తన పాతబండి బీరువా తలుపునకు లోపలివైపున పెన్సిలుతో ఒక యాటవెలదిని వ్రాసి, బండి నమ్ముకొని వెడలిపోయెను. బండి చేతులు మాఱినను పద్యము చెఱగలేదు. అర్థము మాత్రము పొందినవారందఱికిని తెలియలేదు. కావున నీ ప్రయత్నము.

ఈ కారవాను శాస్త్రమునకు ఆదిపురుషుడు డాక్టరు విలియం గోర్డన్ స్టేబుల్సు. నౌకాదళమున వైద్యుడుగా పనిచేసి, పిల్లల కథలు వ్రాసి పేరొందిన ఆ మహానుభావుడు, 1885లో విహారమునకై ప్రత్యేకముగా బ్రిస్టలు నగరమున చేయించిన ‘వాండరర్’ అను బండికి రెండు గుఱ్ఱములను పూన్చి, స్కాట్లండులోని ఇన్వర్నెస్ వఱకు పోయెను. ఎదురు వచ్చువారిని హెచ్చరించుటకై ఒక సేవకుడు త్రిచక్రముపై ముందుగా పోవుచుండెడివాడు. ఇప్పటి గృహస్థునకు ఆ సేవకుని స్థానమున ఫోనులోని దారిచూపు యంత్రము గలదు. అది ఇరువైపుల పొదలు రాచుకొను సందులోనికి త్రిప్పి, పిమ్మట మౌనము వహించును. 1919లో బర్మింగుహామునందు ఎక్లెస్ అను సంస్థవారు మోటారు కారు లాగదగిన బండ్లను అమ్మకమునకై చేయ మొదలిడిన తరువాత గుఱ్ఱములు తప్పుకొనెను. ఇంతకంటె ఎక్కువ చరిత్రతో మనకు పనిలేదు.

ఇక టీక సంగతి. మెదకు మండలమునందలి కొలచెలమ వాస్తవ్యుడైన మల్లినాథసూరి, మూలమున లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియు ప్రతిన పూని కావ్యములకు వ్యాఖ్యలు రచించెను. వెనుక సీటున పిల్లలు లేనివా రట్టి ప్రతినలు పూనవచ్చును. పద్య మిది:

బరువు తూచి ముక్కుభారంబు గుఱిచూచి
యద్దములను గట్టి యడుగు దీసి
పొద్దు వ్రాలకుండ బుడుతలతోఁ జేరి
నీటిపీప దొర్ల నిలయ మదియె.

ప్రతిపదార్థము: బరువు = బండిలో నెక్కించిన సామగ్రి భారమును, తూచి = తూనికవేసి; ముక్కుభారంబు = బండి ముందరి కొక్కెము కారుపై మోపు బరువును, గుఱిచూచి = సరిచూచుకొని; అద్దములను = కారు ప్రక్కలకు తగిలించు పొడుగుచేతుల దర్పణములను, కట్టి = బిగించి; అడుగు దీసి = బయలుదేరి; పొద్దు వ్రాలకుండన్ = చీకటి పడకమునుపే; బుడుతలతోన్ = పసివారితోడ, చేరి = విడిది ప్రవేశించి; నీటిపీప = నలువది లీటర్ల నీరు పట్టి నేలపై దొర్లించుటకు వీలైన పీపా, దొర్లన్ = దొర్లగా; అదియె = ఆ చోటే; నిలయము = ఇల్లు.

తాత్పర్యము: తగినంత బరువుతో, తగినంత దూరమే పోయి, వెలుగుండగా బండి నిలిపి, పిల్లలచేత నీళ్ళు తెప్పించిన చోటే విహారస్థల మగుచున్నది.

ఇక విశేషములు. కావ్యాదిని మంగళవాచకము లేదేమని కొందఱు శంకింతురు. తూనికయే యిందు మంగళము. అది చేయనివానికి తక్కిన మూడు పాదములతో పనియుండదు. ప్రతి బండికిని కర్మాగారమువారు బిగించిన రేకుపై, మించరాని నిండుబరువు చెక్కియుండును. అందుండి ఖాళీబండి బరువు తీసివేయగా మిగిలినదే మన కనుగ్రహింపబడిన భాగము. అది తఱచుగా 150 కిలోల చుట్టుప్రక్కల నుండును. ఇరువది కిలోలు దాటిన బ్యాటరీ, గ్యాసుబండ, బండికి ప్రక్కన కట్టు గుడారము, దాని కమ్ములు, మడతకుర్చీలు అందు తమ వాటాలు తీసికొనగా, ఆ శేషములోనే సోనామసూరి బియ్యపుసంచి, కుక్కరు, ఇడ్లీపాత్ర, ఆవకాయ జాడీ ఇముడవలయును. ఇంతలో వేసవికని గుంటూరునుండి వచ్చిన మామ్మగారు, బల్లమీద నిలుచు చిన్న గ్రైండరును కొంగుతో తుడిచి గుమ్మమున నుంచి, “రాయి లేకపోతే పిండి పొంగదురా నాయనా” అందురు. ఆమె మాట శాస్త్రసమ్మతమే. కాని బియ్యమును పప్పును ఏ యూరనైనను దొరకును. పిండి రుబ్బి డబ్బాలో పోసికొని పోవచ్చును. గ్రైండరును మాత్రము ఇంటనే యుంచి పోవలయునని నా సిద్ధాంతము. ఆ మాట మామ్మగారికి చెప్పు భారమును వ్యాఖ్యాత వహింపడు.

ఇదిగాక, క్రొత్తవారు లాగు బండి తన నిండుబరువుతో గూడ కారు బరువులో 85 శాతమునకు మించరాదని పెద్దల మాట యొకటి కలదు. అనగా 1600 కిలోల కారైనచో 1360 కిలోల బండి. ఇది శాసనము కాదు. ఐనను అమ్మకపువాడు మెత్తని పరుపులు చూపి పెద్దబండి నంటగట్టజూచునపుడు శాసనమువలె పట్టుకొనదగినది.

‘ముక్కుభారంబు’ అను సమాసమునకు ఆంగ్లవ్యాఖ్యాతలు పటములు గీసి పుటలు నింపిరి గాని, రెండెడ్ల బండి తోలిన రైతునకు ఒక్క మాటతో తెలియును: వెనుకమొగ్గైనచో కాడి లేచును, ముందుమొగ్గైనచో ఎద్దుల మెడలు వంగును. బండి అసలు బరువులో 5 మొదలు 7 శాతము వఱకు ముక్కుపై నుండవలయును. 1300 కిలోలకు 65 మొదలు 91 కిలోలు. అదియును కారు కొక్కెమునకు విధించిన హద్దు దాటరాదు. బరువైనవి క్రిందుగా, చక్రముల యిరుసు దగ్గఱ సర్దవలయును. తూచుటకు వేఱొక యంత్ర మక్కఱలేదు. స్నానాలగదిలో గృహస్థుడు రోజును భయపడుచు నెక్కు తూనికయంత్రమునే తెచ్చి, దానిపై తగుపాటి కొయ్యముక్కను నిలిపి, కొక్కెపుతలను దానిపై మెల్లగా దింపిన చాలును. ఆ సమయమున మూడేండ్ల చిన్నవాడు తానును ఒక కాలు యంత్రముపై మోపును. అపుడు కనబడిన యంకెను లెక్కకు గొనరాదు.

ఈ సూక్ష్మ మెఱుగక, బియ్యపుసంచిని వెనుకకొసన పెట్టినవాని బండి, దిగుడుదారిలో వేగము పుంజుకొనగానే తోక యాడింప మొదలిడును. ఆ గడియయందు గట్టిగా బ్రేకు నొక్కుటయు, చక్రము నిటునటు త్రిప్పుటయు రెండును అపచారములే. చక్రమును తిన్నగా పట్టి, కాలు మెల్లగా సడలించి, వేగము తనంత తగ్గువఱకు ఓర్చుకొనుటయే ప్రాయశ్చిత్తము.

అద్దముల విషయమున వ్యాఖ్యేయ మంతగా లేదు. బండి కారుకంటె వెడల్పైనచో వెనుకదారి కనబడునట్లు అవి కట్టవలయును. కట్టనివానికి 1000 పౌండ్ల వఱకు జరిమానాయు, లైసెన్సుపై మూడు దోషాంకములును గలవు.

‘అడుగు దీసి’ యనుటలో కవి హృదయము కొంత దాగియున్నది. పరుగెత్తి యనలేదు, దూకి యనలేదు. బండి లాగువానికి విభజింపని దారిలో గంటకు 50 మైళ్ళు, విభజించిన దారిలోను మోటారువేలోను 60 మైళ్ళు హద్దు. మూడు వరుసలు గల మోటారువేలో కుడికొస వరుస నిషిద్ధము. 1997 జనవరి మొదలు పరీక్ష నెగ్గినవారికి పెద్దబండ్లు లాగుటకు వేఱొక పరీక్ష యుండెడిది. 2021 డిసెంబరు 16 నుండి అది తొలగెను. కావున నేడు నిన్నటివఱకు ఏమియు లాగనివాడును 3500 కిలోల బండి వఱకు లాగవచ్చును. పరీక్ష తీసివేసినంతనే విద్య వచ్చునా అనునది ప్రభుత్వమువారి నడుగవలసిన ప్రశ్న. గంటసేపో రెండు గంటలసేపో బోధకుని ప్రక్కన గూర్చుండబెట్టుకొనుట మేలు.

ఇచ్చట ఆఱేండ్ల పిల్ల యొక యాక్షేపము తెచ్చును: “నాన్నా, మన యిల్లు వెనకాలే వస్తోంది గదా, నేను దాంట్లో పడుకుంటే ఏం?” యుక్తివాదమున దీనిని ఖండించుట కష్టము. ఐనను కదలుచున్న బండిలో నెవ్వరును ఉండరాదు. పండ్రెండేండ్లో, 135 సెంటీమీటర్ల యెత్తో, ఏది ముందు వచ్చిన నంతవఱకు, పిల్లలు కారులో తమకు తగిన యాసనమునందే బంధింపబడి యుండవలయును.

మూడవ పాదమున పాఠభేద మున్నది. పద్యమును ఎత్తి వ్రాసికొనిన కొన్ని బీరువా తలుపులపై ‘పొద్దు వ్రాలకుండ’ అనుటకు మాఱుగా ‘పొద్దు వ్రాలినంత’ అని కానవచ్చును. ఛందస్సున కిదియును చెల్లును. అనుభవమున కిదియే చెల్లును. బేసింగ్‌స్టోకున నుండు తెలుగు సంసారము సెలవుల తొలి శనివారమున, ఒక్క పెట్టున కార్న్‌వాలు తీరమునందలి న్యూకీ చేరుదమని A303 దారి పట్టెనేని, స్టోన్‌హెంజి దగ్గఱ దారి యిఱుకై, ముందువారు రాళ్ళను చూచుటకు నెమ్మదింపగా వెనుకవారందఱును నెమ్మదింతురు. “అవిగో, నాలుగున్నరవేల యేళ్ళనాటి రాళ్ళు” అని తండ్రి యుత్సాహముతో వ్రేలు చూపును. “అక్కడ బాత్రూం ఉందా?” అని వెనుకనుండి వచ్చును. పులిహోర పొట్లము మధ్యాహ్నమునకు ముందే యైపోవును. డెవనులో నొకరికి వాంతి యగును. విడిది చేరునప్పటికి చీకటి. ఎవరి స్థల మేదియో, కొళాయి యెచ్చటనో, చేతిదీపము ఏ సంచిలోనో తెలియదు.

ఈ పాఠము ననుసరించువారి వాదమేమనగా: సెలవే తక్కువ, సముద్రమే దూరము, పోవునది పోవలసినంత దూరము పోయినగాని డబ్బు పెట్టి బండి కొనుటెందులకు? ఇది పెద్దల లెక్క. మైళ్ళు లెక్కించువారు పెద్దలు. కవి యేమో ‘బుడుతలతోఁ జేరి’ యని సహార్థమున విభక్తి ప్రయోగించి, చేరుటలో వారికిని భాగము కల్పించినాడు. నిద్రలో నెత్తి తెచ్చిన పిల్లలు చేరినట్లు కాదు. కావున మొదటి యాత్ర గంటకు మించరాదు. బేసింగ్‌స్టోకువారికి న్యూ ఫారెస్టు గలదు. పొట్టిగుఱ్ఱములు యథేచ్ఛగా దారులమీద తిరుగు అడవి యది. ఏదైన మఱచిపోయినచో పోయి తెచ్చుకొనవచ్చును. ఏదో యొకటి మఱచిపోవుట నిశ్చయము.

చేరినంతనే బండిని వెనుకకు నడుపుట యను ఘట్టము. ఏ దిక్కునకు బండి పోవలయునో దాని కెదురుదిక్కునకు చక్రము త్రిప్పవలయును. ఇది తలకెక్కనివాడు చక్రము నడుగుభాగమున చేయి వేసి, బండి పోవలసిన దిక్కునకే ఆ చేతిని జరిపినచో సరిపోవును. ఇల్లాలు వెనుక నిలిచి “రండి, రండి, ఇంకా రండి” అనుచు, పొద తగిలిన తరువాత “హోల్డాన్!” అనును. ఆర్టీసీ బస్సులనుండి వచ్చిన ఆ శబ్దమున కున్న శక్తి మఱి యే ఆంగ్లపదమునకును లేదు. ప్రక్కబండి కుక్క సైతము నిలిచిపోవును. పిమ్మట పల్లమువైపు చక్రము క్రింద చీలిక నుంచి ముందుగా అడ్డముగా సమము చేసి, తదుపరి ముందుచక్రముతో నిలువుగా సమము చేసి, ఆపైననే నాలుగు మూలల కాళ్ళు దింపవలయును. ఆ కాళ్ళు కదలకుండ పట్టుటకే గాని, బండి నెత్తుటకు కావు.

నాలుగవ పాదమున అలంకార మేదియను వివాద మున్నది. పీప దొర్లుటయే యిల్లనుట అతిశయోక్తి యని యొకరు, కావ్యలింగమని మఱొకరు. నాకు స్వభావోక్తియే తోచుచున్నది. పొట్టిగుఱ్ఱము పిల్లతో గూడ పదిగజముల దూరమున మేయుచుండగా, తండ్రి ఫోను పట్టుకొని “చూడు తల్లీ, చూడు” అని బ్రతిమాలుచుండగా, ఆ పిల్లలిద్దఱును అటు తల త్రిప్పక, ఖాళీ పీపా పిడి పట్టి గడ్డిపై డబడబ మోయించుచు కొళాయి వఱకు పరుగెత్తుదురు. నిండిన పీపా నలువది కిలోల పైమాట. వారిద్దఱి బరువును గలిపినను అంత యుండకపోవచ్చును. అందుచేత వచ్చునపుడు తండ్రి లాగును, పిల్ల ముందు నడచి దారి చెప్పును, చిన్నవాడు తడిసిన చొక్కాతో వెనుకనుండి త్రోయుచున్నానను నమ్మకముతో వచ్చును. పీపాలో చిన్నపంపును దింపి, లోపల కొళాయి త్రిప్పగానే అది ‘ఊఁ’ అని మూలుగును. ఆ మూలుగు వినుటకై మరల మరల త్రిప్పుదురు. కావున తండ్రి తలకు సబ్బు రాచుకొనిన క్షణముననే నీరైపోవును. పిల్లలకు మహదానందము. మరల కొళాయికి పోవచ్చును.

‘నిలయము’ అనుటచేత వంటయు సూచితము. విడిదిలోని కరెంటు సాధారణముగా 16 ఆంపియర్లు, అనగా సుమారు 3680 వాట్లు. రైసుకుక్కరు, నీళ్ళ కెటిలు, గది వెచ్చజేయు హీటరు నేకకాలమున పెట్టినచో అంతయు చీకటి యగును. తిరగమోత వేయునపుడు పైకప్పు కిటికీ ముందుగా తెఱవవలయును. లేనిచో ఎండుమిరప చిటపటలాడకమునుపే పొగగంట కూయ మొదలిడును; ప్రక్కబండ్లవారు టీకప్పులతో బయటికి వత్తురు. వారికి రెండు గారెలు పెట్టినచో స్నేహమగును.

కవి యొక్క విషయమును మాత్రము విడిచినాడు. కారవానునందలి పాయిఖానాకు క్రింద, బయటి తలుపు తీసి లాగుకొనదగిన పెట్టె యొకటి యుండును. ఇద్దఱు పిల్లలున్న యింట అది రెండు దినములకు నిండును. విడిదిలో అందులకై కేటాయించిన చోటికి గొనిపోయి, గాలిమీట నొక్కి పట్టుచు వంపవలయును, లేనిచో చిందును. కడిగి మందు పోసి మరల పెట్టవలయును. ఔచిత్యమే కావ్యమునకు ప్రాణమనిన క్షేమేంద్రుని మతము ననుసరించి కవి మౌనము వహించెననుట స్పష్టము. కాని ఈ కార్యమునకు కర్త యెవరను సంశయము మిగిలినది. “అయిదారు గంటలు బండి నడిపింది నేను గదా” అనునది తండ్రి పక్షము. “మొదటి యాత్ర గంట దాటకూడదన్నారు, నలభై మైళ్ళేగా నడిపారు” అని యిల్లాలు ఈ వ్యాఖ్యనే ప్రమాణముగా చూపును. అతడే లేచును. ఆ పెట్టెకును చిన్న చక్రములు, పొడుగు పిడియు నుండుటచేత, దానిని గూడ మేమే దొర్లింతుమని పిల్లలు వెంటబడుదురు. పంపరాదు. హేతువు టీక లేకయే తెలియును.