తాళం అక్కరలేని పాలన

సంస్థానాల కాలంలో పాలమూరు దక్షిణ భాగానికి కవుల తాకిడి ఎక్కువ. గద్వాలను విద్వద్గద్వాల అనేవారు. వనపర్తికీ, ఆత్మకూరుకూ, జటప్రోలుకూ పండితులు వరస కట్టి వచ్చి, ప్రభువుల దానగుణాన్ని పద్యాల్లో కీర్తించి వార్షికాలు పుచ్చుకుని వెళ్ళేవారు. తిరుపతి వెంకట కవులూ ఈ దారిన వచ్చినవారే. ఆ ప్రభువులు పోయారు. వనపర్తి రాజావారి కోటలో పాలిటెక్నిక్ నడుస్తోంది. 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. ఇప్పుడిక పొగడ్తకు తగిన ప్రభువులంటే పురపాలక సంఘాలే. పాపం, వాటిని పొగిడే నాథుడు లేడు. ఆ లోటు నేను తీరుస్తాను. వార్షికం అక్కర్లేదు.

మన కౌన్సిళ్ళ గొప్పతనం తెలియాలంటే ముందు సీమదొరల తెలివితక్కువ పాలన చూడాలి. బర్మింగ్‌హామ్ నగర కౌన్సిల్ 2023 సెప్టెంబరులో ఖజానా ఖాళీ అని చేతులెత్తేసింది. తరవాత ఖర్చు తగ్గించుకోవడానికి చూసినవాటిలో వయోజనుల పగటి కేంద్రాలు కూడా ఉన్నాయి. మతి మందగించినవాళ్ళు, నడవలేనివాళ్ళు, ముసలివాళ్ళు పొద్దున్నే వచ్చి, నలుగురితో కూర్చుని తిని, చేతనైన పని చేసుకుని, సాయంత్రం ఇంటికి పోయే చోట్లు అవి. కొన్నిటిని మూసేద్దామని అనగానే ఏమైంది? ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి. తల్లిదండ్రులు అట్టలు పట్టుకుని వచ్చి నిలదీస్తే ఓర్చుకోవాలి. పత్రికల చేత తిట్టించుకోవాలి. పైగా అక్కడ 2014 నాటి సంరక్షణ చట్టం ఒకటి ఉంది. ఎవరికి ఏం కావాలో కౌన్సిలే లెక్క కట్టి చూపాలని అది పీకల మీద కూర్చుంటుంది. ఈ తలనొప్పులన్నిటికీ మూలం ఒక్కటే. వాళ్ళు ముందు తెరిచారు. తెరవడం వాళ్ళ తప్పు.

మనవాళ్ళు అలాంటి పొరపాటు చేసే రకం కాదు. ఈ మూడు పట్టణాల్లో ఏ కౌన్సిలూ వికలాంగుల పగటి కేంద్రం మూసేసిందన్న అపనింద మోయలేదు. ఒక్క తల్లి ధర్నాకు కూర్చున్నది లేదు, ఒక్క తాళం కప్ప కొన్నది లేదు. మూయడానికి ఏమీ లేకుండా చూసుకోవడంలో ఉన్న దూరదృష్టి బర్మింగ్‌హామ్ దొరలకు ఎప్పుడు రావాలి!

ఇదేదో ఆ బాధ్యత తమకు లేక కాదు. రాజ్యాంగానికి 74వ సవరణ చేసి 1993లో అమల్లోకి తెచ్చినప్పుడు, పన్నెండో షెడ్యూలులో పురపాలికల పనుల జాబితా రాశారు. అందులో తొమ్మిదోది బలహీన వర్గాల ప్రయోజనాల రక్షణ. వికలాంగులూ, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళూ అందులో ఉన్నారని విప్పి మరీ రాశారు. పంచాయతీలకు పదకొండో షెడ్యూలులో ఇరవై ఆరో అంశంగా అదే అప్పగింత. ఆ మాటను మనవాళ్ళు పెట్టె అడుగున గద్వాల పట్టుచీరలా దాచారు. ముప్పయ్యేళ్ళు దాటినా మడత నలగలేదు.

ఇంకో ఘనత కూడా చెప్పుకోవాలి. అక్కడ కౌన్సిలు కేంద్రాలను మూసింది. ఇక్కడ కౌన్సిలే మూతపడింది. 2020 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2025 జనవరి 26తో తీరింది. ఆ వెంటనే ఎన్నికలు జరగలేదు, ప్రత్యేకాధికారులు వచ్చి కూర్చున్నారు. అడగడానికి వార్డు మెంబరే లేనప్పుడు అడిగే శ్రమ ప్రజలకు తప్పింది కదా. పంచాయతీలు అంతకు ఏడాది ముందే ఈ సుఖం రుచి చూశాయి.

అయితే అసలు ఏమీ తెరవలేదంటే అన్యాయం. భవిత కేంద్రాలున్నాయి. విద్యాశాఖవి, వికలాంగ పిల్లలవి. మండల కేంద్రంలో బడి ఆవరణలో ఒక గది. గోడకు పెద్ద అద్దం, దాని ముందు పట్టుకుని నడవడానికి రెండు కమ్మీలు, నేల మీద చాప, మూల ఒక నిలబెట్టే చట్రం. పిల్లవాణ్ణి అందులో నిలబెట్టి నడుముకూ మోకాళ్ళకూ పట్టీలు బిగిస్తే, తన ఎత్తు తనకు కనిపిస్తుంది. ఫిజియోథెరపీ చేసేవారు వచ్చే రోజు కోసం తల్లులు ఎదురుచూస్తారు. కొడుకును చంకనేసుకుని బస్సు దిగి వచ్చి, వాడి కాళ్ళు వంచి చాపుతుంటే పక్కన కూర్చుని ఎలా చేస్తున్నారో చూసి నేర్చుకుంటారు. పక్క ఊరి తల్లితో రెండు మాటలు మాట్లాడతారు. ఆ రెండు మాటల విలువ కట్టే పద్దు ప్రభుత్వంలో లేదు.

ఆ గది కూడా ఎంతకాలం? పద్దెనిమిదేళ్ళదాకా. ఆ రోజు రాగానే మన రాజ్యం ఆ కుర్రాడికి చేసే మర్యాదలు చూడండి. ఓటరుగా నమోదు చేసుకోమంటుంది. పెద్దవాడివయ్యావు, ఇక రావద్దంటుంది. అతనికి బుద్ధిమాంద్యం ఉంటే, నిన్నటిదాకా కన్నతల్లికి ఉన్న సంరక్షకురాలి హక్కు చట్టం లెక్కలో ఆ రోజుతో ముగిసిపోతుంది. అది మళ్ళీ కావాలంటే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీకి అర్జీ పెట్టుకోవాలి. ఒక్క పుట్టినరోజుకు ఇన్ని కానుకలు!

“వీనికి పద్దెనిమిది నిండినయంట సారూ, రావద్దన్నరు. నిండినయని వీనికి తెల్వదు గద” అన్నదొక తల్లి. ఆమెకు పాలన సూక్ష్మాలు తెలియవు, క్షమించాలి.

ఆ మర్నాటి నుంచి పగటి సంరక్షణ ఇంట్లోనే. గద్వాల చుట్టుపక్కల సీడ్ పత్తి చేలల్లో సాయంత్రం మొగ్గ విప్పి మగ భాగం తీసేయాలి, తెల్లారి పువ్వు విచ్చుకోగానే పుప్పొడి అద్దాలి. ఎండెక్కితే పని చెడుతుంది. పువ్వు ఎవరి కోసమూ ఆగదు కనుక తల్లి పొద్దున్నే పోవాల్సిందే. పోయే ముందు కొడుక్కి అంబలి తాగించి, పక్కబట్ట మార్చి, నీళ్ళ సీసా చేతికి అందేలా పెట్టి, బయట గొళ్ళెం వేసి పోతుంది. నేను ఈ వ్యాసానికి పెట్టిన పేరు ఇక్కడ తప్పిందని మీరనొచ్చు. లేదు, తాళం ఉంది గానీ అది మునిసిపాలిటీది కాదు. మునిసిపాలిటీకి దాని ఖర్చు కూడా పడలేదు. ఇక ముసలివాళ్ళ మాటకొస్తే, ముంబయికో, హైదరాబాదుకో కూలికి పోయిన కొడుకులు వదిలివెళ్ళిన అవ్వలకు అరుగులున్నాయి. అరుగుకు ప్రారంభోత్సవం ఉండదు, బడ్జెట్టు ఉండదు. సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా అది కాస్త పొట్టిదవుతుందన్నమాటే గానీ వేరే లోటేమీ లేదు.

పింఛను ఇస్తున్నాం కదా అని ఏలినవారు అంటారు. ఇస్తున్నారు, కాదనను. 2014 నవంబరులో ఆసరా మొదలైనప్పుడు వృద్ధులకు వెయ్యి, వికలాంగులకు పదిహేను వందలు. 2019లో అవి 2,016, 3,016 అయ్యాయి. 2023లో వికలాంగులకు 4,016 చేశారు. అదే ఏడాది ఎన్నికల్లో వచ్చిన కొత్త వాగ్దానం నాలుగు వేలు, ఆరు వేలు. పథకం పేరు చేయూత అయిపోయింది. పేరు మార్చినంత సులువుగా అంకె మారదు కదా, దానికి ఓపిక పట్టాలి. ఆ మొత్తంలో అరవై నుంచి డెబ్బై తొమ్మిదేళ్ళ వృద్ధులకు కేంద్రం వాటా ఎప్పటి నుంచో రెండు వందలే. ఢిల్లీవారి నిలకడను మెచ్చుకోకుండా ఉండలేం. కానీ 4,016 రూపాయల పింఛను ఒక మనిషిని స్నానానికి లేపదు. దానికి మనిషి కావాలి. మనిషిని పెట్టే పని పన్నెండో షెడ్యూలులో ఉంది, షెడ్యూలు పెట్టెలో ఉంది.

వృద్ధాశ్రమాల సంగతీ ఇంతే చల్లగా ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల సంక్షేమ చట్టం పంతొమ్మిదో సెక్షనులో జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, దిక్కులేని నూట యాభై మందికి చోటు అని ఉంది. స్థాపించవచ్చు అని ఉంది గానీ స్థాపించాలి అని లేదు. ఇప్పుడు రాష్ట్రం వృద్ధులకు పగటి కేంద్రాలు అక్కడక్కడా తెరవడం మొదలుపెట్టింది. అవి సంక్షేమ శాఖవి, కౌన్సిళ్ళవి కావు. కనుక నా స్తోత్రానికి ఏ భంగమూ లేదు. పద్దెనిమిది దాటిన కుర్రాడు ముసలివాడు కాడు కనుక అతనికీ భంగం లేదు.

ఇంత చెప్పి వైకుంఠధామాలను మరిచిపోతే నా నోరు పడిపోతుంది. పల్లె ప్రగతి కార్యక్రమంలో ఊరూరా కట్టారు. వెళ్ళి చూడండి. నీడకు షెడ్డు, కూర్చోడానికి గద్దెలు, నీళ్ళ సౌకర్యం, ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ వేరు వేరు స్నానాల గదులు, గేటు మీద రంగులతో పేరు. పగటి కేంద్రానికి కావలసిన హంగులన్నీ ఉన్నాయి. ప్రవేశానికి అర్హత ఒక్కటే కాస్త కఠినం. ఒకసారి చేరితే మళ్ళీ రావద్దనడం మాత్రం లేదు.

మొక్కల విషయంలో మన చట్టం చూపిన ప్రేమ చెబుతాను. 2019 తెలంగాణ పురపాలికల చట్టం ప్రకారం బడ్జెట్టులో పది శాతం పచ్చదనానికి తీసి పెట్టాలి. నాటినవాటిలో 85 శాతం బతకాలి, బతక్కపోతే బాధ్యులకు శిక్ష. అందుకే ఎండాకాలం డివైడరు మీది మొక్క దగ్గర ట్యాంకరు వచ్చి ఆగుతుంది. దానికి చుట్టూ కంచె, ఆసరాకు కర్ర, లెక్కకు రిజిస్టరు. పద్దెనిమిదేళ్ళు నిండిన వేపను ఇక నీకు నీళ్ళు లేవు పొమ్మన్న దాఖలా లేదు.

ఏలినవారికి ఒక చిన్న మనవి. ఖర్చుతో పని లేదు, కొత్త తీర్మానం అక్కర్లేదు. ఆ గొళ్ళెం వెనక ఉన్న పిల్లలను కూడా ఆ రిజిస్టరులోనే మొక్కల కింద ఎక్కించుకోండి. ఎత్తు, నాటిన తేదీ అనే గళ్ళు ఎలాగూ ఉంటాయి, నింపడం కష్టం కాదు. ట్యాంకరు వచ్చే వేళ ఏదో ముందే చెబితే తల్లులు గొళ్ళెం తీసి పెడతారు.