గీతల మిషను

మెదడులో పుట్టే కరెంటును తల మీది చర్మం నుంచి పట్టి గీతలుగా గీయడం ఈ యంత్రం పని. డాక్టర్లు ఈఈజీ అంటారు. తిరుపతి ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్లు 'తలకు వైర్లు పెట్టే మిషను' అంటారు. రిపోర్టుల్లో 'నేను' అని ఎవరూ రాయరు. సొంత కథలోనూ ఈ యంత్రానికి అదే అలవాటు.

దీని వంశం జర్మనీలోని యేనా నగరంలో మొదలైంది. అక్కడ హాన్స్ బెర్గర్ 1924లో మనిషి మెదడు గీతలను తొలిసారి నమోదు చేసి, 1929లో ప్రకటించాడు. చిత్తూరు జనానికి నరాల జబ్బుల ఆసుపత్రి అంటే చాలాకాలం వేలూరు సీఎంసీయే. డాక్టర్లు జాకబ్ చాందీ, బల్దేవ్ సింగ్ 1952లో మూర్ఛకు మెదడు ఆపరేషన్ చేసింది అక్కడే. తిరుపతిలో 1993లో స్విమ్స్ ఆసుపత్రి వైద్యం మొదలుపెట్టాక వేలూరు ప్రయాణం అందరికీ తప్పనిసరి కాకుండా పోయింది.

ఈ యంత్రానికి శత్రువు తలనూనె. నూనె జిడ్డుంటే తీగల బిళ్లలు సరిగా అంటవు, గీతలు చెదురుతాయి. అందుకే తలంటుకుని రమ్మంటారు. తిరుమల కొండ మీద గుండు కొట్టించుకుని దిగినవాళ్లతో ఈ పేచీ లేదు. అయితే వాళ్లతో ఇంకో సంగతి ఉంది: రాత్రంతా క్యూలో నిద్రలేకుండా నిలబడి, రోజూ వేసుకునే మాత్ర మరిచిపోతే ఉన్న మూర్ఛ తిరగబెట్టవచ్చు.

అసలు చిక్కు అత్యవసర విభాగం గుమ్మంలో మొదలవుతుంది. కుడి చెయ్యి పడిపోయి, మాట రాని మనిషిని మోసుకొస్తారు. 'పక్షవాతం' అంటారు ఇంటివాళ్లు. కావచ్చు. కానీ ఫిట్స్ వచ్చి తగ్గాక కూడా కొందరికి చెయ్యీ కాలూ తాత్కాలికంగా పడిపోతాయి. రాబర్ట్ టాడ్ అనే వైద్యుడు 1849లో వర్ణించిన ఈ బలహీనత నిమిషాల నుంచి ఒక రోజుకు పైగా కూడా ఉండి, తర్వాత పోతుంది. పక్షవాతంలో నెత్తురు అందక మెదడులో ఒక భాగం పని మానేస్తుంది కాబట్టి, ఉన్న శక్తి ఒక్కసారిగా పోతుంది. మూర్ఛలో నరకణాలు కట్టగట్టుకుని రేగుతాయి కాబట్టి ముందు కొట్టుకోవడం, తిమ్మిరి పాకడం ఉంటాయి. అందుకే డాక్టరు అడిగే తొలి ప్రశ్నల్లో ఒకటి: 'చెయ్యి ముందు కొట్టుకుందా, ఊరికే వాలిపోయిందా?' మొదటి నిమిషం చూసినవాళ్ల మాటకు ఉన్న విలువ చాలాసార్లు ఏ యంత్రానికీ లేదు.

ఆ తొందరలో ఈ యంత్రాన్ని పిలవరు, పిలవకూడదు కూడా. నెత్తురుగడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా 4.5 గంటల లోపే ఇవ్వాలి. తీగలు అంటించి గీతలు తీసేసరికి ఆ విలువైన సమయం గడిచిపోతుంది. ముందు వేలి నుంచి చుక్క తీసి షుగర్ చూస్తారు, అది పడిపోయినా రెండు జబ్బుల వేషమూ వేస్తుంది. తర్వాత సీటీ స్కాన్. మెదడులో నెత్తురు చిమ్మి ఉంటే అది వెంటనే తెల్లగా చూపిస్తుంది. గడ్డ అడ్డుపడిన పక్షవాతమైతే మొదటి గంటల్లో ఏమీ కనిపించకపోవచ్చు. 'స్కానింగ్ నార్మల్' అని సంబరపడి ఇంటికి తీసుకుపోతే ముప్పే. ఎమ్మారైలో ఒక రకం చిత్రం మాత్రం దెబ్బతిన్న చోటును చాలా త్వరగా మెరుపుగా చూపుతుంది. అదీ పూర్తిగా నమ్మదగ్గది కాదు. ఎడతెగని ఫిట్స్ తర్వాత కూడా మెదడు పైపొర అలాగే మెరుస్తుంది. తేడా ఏమిటంటే, పక్షవాతపు మచ్చ ఒక రక్తనాళం ఏలే ప్రాంతానికి కట్టుబడి ఉంటుంది, ఫిట్స్ మెరుపు ఆ హద్దులు పాటించదు. నెత్తురు పారుదల చూసే స్కానులో పక్షవాతపు చోట పారుదల తగ్గి ఉంటుంది, ఫిట్స్ నడుస్తున్న చోట పెరిగి ఉంటుంది.

ఇక ఈ యంత్రం వంతు. పక్షవాతంలో దెబ్బతిన్న వైపు గీతలు మందగిస్తాయి, సెకనుకు నాలుగు కంటే తక్కువ అలలు వస్తాయి. ఫిట్స్ తగ్గిన కొన్ని గంటలదాకా అదే మందగమనం ఉంటుంది గనుక, అలలు మందగించినంత మాత్రాన తీర్పు చెప్పలేం. నిట్టనిలువు ములుకులు కనిపిస్తే మూర్ఛ వైపు మొగ్గవచ్చు. కనిపించకపోతే మూర్ఛ లేదని కాదు. మూర్ఛ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి మొదటిసారి తీసిన గీతలు మామూలుగానే ఉంటాయి.

ఈ యంత్రం లేకుండా తేలని సందర్భం ఒకటుంది. మనిషి కొట్టుకోడు, పడిపోడు. కళ్లు తెరిచి చూస్తుంటాడు, పలకడు. స్కానింగ్‌లో ఏమీ లేదు. మాట పడిపోయిందనుకుంటారు. తీగలు పెడితే ఒక చోట లయబద్ధంగా పుట్టిన అల, వేగం మార్చుకుంటూ పక్కకు పాకుతుంటుంది. అంటే ఫిట్స్ లోపల ఇంకా నడుస్తూనే ఉంది. మందు ఎక్కిస్తే కొందరికి అక్కడికక్కడే మాట తిరిగివస్తుంది.

రెండు జబ్బులూ కలిసే వచ్చే రోజులూ ఉన్నాయి. పక్షవాతం వదిలిన మచ్చే తర్వాత మూర్ఛకు మూలమవుతుంది. ముసలితనంలో కొత్తగా మొదలయ్యే మూర్ఛకు పెద్ద కారణం అదే. బాలింతలకు మెదడు సిరల్లో నెత్తురు గడ్డకడితే తలనొప్పి, ఫిట్స్, పక్షవాతం ఒకదాని వెంట ఒకటి రావచ్చు. పిల్లలకైతే బద్దెపురుగు గుడ్డు కడుపులోకి పోయి, దాని పిల్ల మెదడులో గూడు కట్టుకుని ఫిట్స్ తేవడం ఈ ప్రాంతపు డాక్టర్లకు బాగా తెలిసిన కథ. మాంసం ముట్టని ఇళ్లలోనూ ఈ జబ్బు వస్తుంది, ఎందుకంటే గుడ్డు చేరేది శుభ్రం లేని చేతుల నుంచి, పచ్చికూరల నుంచి. స్కానింగ్‌లో చిన్న ఉంగరంలా కనిపించే ఆ మచ్చ చాలామందిలో మూర్ఛ మాత్రలు వాడుతుండగానే కరిగిపోతుంది.