రెండును ముద్దు నాకు: సటీకా తాత్పర్యం

అవతారిక

అమెరికాలో కామిక్స్ దుకాణాలకు బుధవారమే పండుగ. కొత్త సంచికలు అరల్లోకి ఎక్కేది ఆ రోజే. అటువంటి ఒకానొక బుధవారం సాయంత్రం, ఆఫీసు నుంచి తిన్నగా దుకాణానికి చేరిన తెలుగు అభిమాని ఒకడు కౌంటరు ముందు ఆశువుగా చెప్పినది ఈ పద్యం. దుకాణదారుకు తెలుగు రాదు. అయినా సంచులు సరిగ్గానే చేతికిచ్చాడు కనుక కవిహృదయం అతనికి అందిందనే చెప్పాలి.

మూలం

తే.గీ. బుధుని దినమయ్యె నన్నయ్య! పొత్తమిమ్ము
గోడ పాకెడి వీరుని కొక్క సంచి
ఫైలు సర్దెడి వానికి పక్క సంచి
మూల మడవకు, రెండును ముద్దు నాకు

ప్రతిపదార్థం

అన్నయ్య = ఓ దుకాణదారుడా; బుధుని దినము + అయ్యెన్ = బుధవారమైనది; పొత్తము = పుస్తకమును; ఇమ్ము = ఇయ్యవలసినది (రొక్కమునకే, అరువు కాదు); గోడ పాకెడి వీరునికిన్ = స్పైడర్ మ్యాన్‌కు; ఒక్క సంచి = వెనుక అట్టముక్కతో కూడిన ప్లాస్టిక్ తొడుగు ఒకటి; ఫైలు సర్దెడి వానికిన్ = హార్వీ పీకార్‌కు; పక్క సంచి = దాని సరసనే మరొక తొడుగు; మూల = అట్ట మూలను; మడవకు = మడవకుము; రెండును = ఆ రెండు పొత్తములును; నాకు ముద్దు = నాకు ప్రియములు.

పాఠభేదాలు

1. 2020లో డీసీ కంపెనీ తన కొత్త సంచికలను మంగళవారానికి మార్చింది. దాన్ని పట్టుకుని కొందరు “కుజుని దినమయ్యె” అని దిద్దారు. అప్పుడు ‘పొత్తము’తో యతి చెడుతుంది. కనుక ఆ పాఠం త్యాజ్యం. యతిభంగం సంగతి తెలిసో తెలియకో డీసీ వారు కూడా 2024లో బుధవారానికే తిరిగొచ్చారు.

2. “నన్నయ్య” అన్నచోట ఆదికవిని సంబోధించాడని ఒక పండితుడు పట్టుబట్టాడు. ఇక్కడున్నది ద్రుతసంధి మాత్రమే. రాజమహేంద్రవరంలో భారతం తెనిగించినాయన కామిక్స్ అమ్మినట్టు ఆధారాలు లేవు.

తాత్పర్యం

“అన్నా, బుధవారం వచ్చేసింది, పుస్తకాలియ్యి. గోడలు పాకేవాడికి ఒక సంచి, ఫైళ్ళు సర్దేవాడికి దాని పక్కనే ఇంకోటి. మూలలు మడతపడనివ్వకు. నాకు ఇద్దరూ ఇష్టమే” అని భావం.

విశేషాలు

గోడ పాకెడి వీరుడు: స్టాన్ లీ, స్టీవ్ డిట్కోల చేత 1962లో ‘అమేజింగ్ ఫ్యాంటసీ’ 15వ సంచికలో పుట్టాడు. వెల 12 సెంట్లు. ఆ సంచిక ప్రతి ఒకటి 2021లో వేలంలో 36 లక్షల డాలర్లు పలికింది. “మూల మడవకు” అన్న మాటలోని గాంభీర్యం ఇక్కడ గ్రహించాలి. అయితే మన కవి అమ్ముకునే రకం కాడు. ఇంటికెళ్ళగానే సంచి విప్పి చదువుతాడు, మళ్ళీ సంచిలో పెడతాడు. ఆ పెట్టడంలోనే మూల మడతపడుతుంది. దాని నింద దుకాణదారు మీద పడుతుంది.

ఫైలు సర్దెడి వాడు: క్లీవ్‌లాండ్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో ఫైళ్ళ గుమాస్తా. 1976 నుంచి ‘అమెరికన్ స్ప్లెండర్’ను చేతి డబ్బు పెట్టుకుని అచ్చు వేయించాడు. బొమ్మలు వేయడం రాదు. గళ్ళు గీసి, పుల్లల మనుషుల్ని నిలబెట్టి, పైన మాటలు రాసి రాబర్ట్ క్రంబ్ వంటి చిత్రకారుల చేతుల్లో పెట్టేవాడు. కథావస్తువు తన ఉద్యోగం, తన బజారు, తన చిరాకు.

పూర్వపక్షం

ఇక్కడ రెండు వర్గాలవారు కవిని తప్పుపడతారు. ఒకరు: “మార్వెల్, డీసీ కంపెనీల వీరులు చస్తారు, అమ్మకాలు పడిపోగానే లేచి కూర్చుంటారు. బుద్ధి తెలిసినవాళ్ళు చదివే సరుకేనా ఇది?” రెండోవారు: “సొంత అచ్చు పుస్తకాల్లో ఎవడో ఒకడు కాఫీ తాగుతుంటాడు. ఆఖరు పేజీకి కాఫీ అయిపోతుంది. కథ ఏదీ?”

సిద్ధాంతం

మొదటివారు ‘అమేజింగ్ స్పైడర్ మ్యాన్’ 33వ సంచిక (1966) తెరవాలి. మోయలేని ఇనుప యంత్రం కింద స్పైడర్ మ్యాన్ అయిన పీటర్ పార్కర్ నలిగి ఉంటాడు. పైకప్పు నుంచి నీళ్ళు కారుతుంటాయి. పిన్నిని బతికించే మందు ఎదురుగానే ఉంటుంది, చెయ్యి అందదు. డిట్కో తొందరపడడు. చిన్న గడి, ఇంకో గడి, కాస్త లేచిన భుజం, మళ్ళీ కుంగిన తల. పేజీలు తిరిగేకొద్దీ గళ్ళు పెద్దవవుతాయి. చివరికి ఒక నిండు పేజీ మొత్తం ఒకే బొమ్మ: యంత్రం లేచింది. వీరరసానికి స్థాయి ఉత్సాహమని శాస్త్రం. ఆ ఉత్సాహం ఎంత మెల్లగా కూడుతుందో చూపించిన లక్ష్యం ఇది.

రెండోవారు పీకార్ తన పేరు మీద రాసిన కథ చూడాలి. బొమ్మలు క్రంబ్‌వి. మనిషి మన వైపు తిరిగి నిలబడతాడు, గడి తర్వాత గడిలో దాదాపు అదే నిలువు. టెలిఫోన్ డైరెక్టరీలో తన పేరే ఉన్న ఇంకొకడు కనబడ్డాడంటాడు, తర్వాత మరొకడు. వాళ్ళు పోయిన సంగతి తెలిసి, ముఖం కూడా ఎరుగనివారి కోసం బెంగపడతాడు. కథ అంతే. నిర్వేదాన్ని మనవాళ్ళు సంచారి భావాల్లో వేశారు. క్లీవ్‌లాండ్‌లో అది స్థాయిగా స్థిరపడిందని ఈ వ్యాఖ్యాత మతం.

రెండు చోట్లా పని చేసింది గడికీ గడికీ నడుమ ఉన్న తెల్ల సందు. భుజం కుంగడానికీ లేవడానికీ మధ్య పడ్డ బాధను పాఠకుడే పడాలి. ఒకే ముఖం రెండుసార్లు కనబడితే నడుమ గడిచిన మౌనాన్ని పాఠకుడే వినాలి. చెప్పనిదే కావ్యానికి ప్రాణమని ఆనందవర్ధనుడు ఏనాడో తేల్చాడు. ఆ సందులో ఏ కంపెనీ ముద్రా ఉండదు. కవి “పై సంచి, కింది సంచి” అనక “పక్క సంచి” అన్నది ఇందుకే.

తేడా ఉన్నది కాంట్రాక్టులో. సూపర్‌మ్యాన్‌ను కల్పించిన జెర్రీ సీగెల్, జో షస్టర్ కూడా క్లీవ్‌లాండ్ కుర్రవాళ్ళే. 1938లో హక్కులన్నీ 130 డాలర్లకు రాసిచ్చేశారు. బ్యాట్‌మ్యాన్ సృష్టిలో చేయి ఉన్న బిల్ ఫింగర్‌కు సృష్టికర్తగా పేరు పడింది 2015లో, ఆయన పోయిన నాలుగు దశాబ్దాలకు. ఈ సంగతి ఎరిగిన చిత్రకారులు కొందరు 1992లో మార్వెల్ వదిలి ఇమేజ్ కామిక్స్ పెట్టుకున్నారు. పాత్ర ఎవరు కల్పిస్తే హక్కు వాళ్ళదే అన్నారు. సంచులు రెండైనా వీలైన చోట డబ్బు గీసినవాడికి చేరాలని ‘ఇమ్ము’ అన్న క్రియకు వ్యంగ్యార్థం.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని బుధవారం నాడు కౌంటరు ముందు పఠించినవారికి కోరిన సంచిక అమ్ముడుపోకుండా మిగులును. పాత సంచికల పెట్టెలో వెతికేది అడుగునే దొరుకును. స్నేహితుడికి చదవమని ఇచ్చిన సంచిక మాత్రం తిరిగి వచ్చునని వ్యాఖ్యాత హామీ ఇవ్వజాలడు.